రెండో పేజీ, పదకొండో పంక్తి

చిరంజీవికి,

లయ మీద మాటలు పలికే రాప్ గురించి, దాని పుట్టిల్లు హిప్ హాప్ గురించి నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. దాంతో పంపిన ప్రశ్నలు, నీ రాప్ కూడా చూశాను. మొదటిసారి కోపం వచ్చి ఆగాను. రెండోసారి రెండో పేజీలో పదకొండో పంక్తి దగ్గర ఆగిపోయాను. ముందు కోపం సంగతి చెబుతాను. ఈ వయసులో దాన్ని దాచుకుంటే నిద్ర పట్టదు.

‘1973లో డీజే కూల్ హెర్క్ హిప్ హాప్‌కు శ్రీకారం చుట్టాడు’ అని రాశావు. చుట్టాడు, సరే. ఆ రోజు ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అద్దె ఇళ్ల భవనం, అందులో అందరూ వాడుకునే ఒక హాలు. అక్కడ పార్టీ తలపెట్టింది హెర్క్ కాదు, అతని చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి ఆ పిల్లకు డబ్బులు కావాలి. చేత్తో రాసిన అట్టముక్కలే ఆహ్వాన పత్రాలు. ప్రవేశం ఆడపిల్లలకు పాతిక సెంట్లు, మగపిల్లలకు యాభై. పద్దెనిమిదేళ్ల అన్న పాటలు వేశాడు. ఆడపిల్లవై ఉండి ఆ చెల్లెల్ని ఎలా మరిచిపోయావమ్మా?

పైగా వ్యాసాన్ని రెండు ముక్కలు చేశావు. మొదటి సగం ‘జన పోరాట గళం’, రెండో సగం ‘ఆత్మాభిమాన గీతం’. నడుమ చుక్కల గీత కూడా పెట్టావు. నన్ను మండించింది ఆ గీతే. క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే అనే పెద్ద రోడ్డు వేయడానికి కాపురాలున్న పేటలను అడ్డంగా చీల్చేశారు. బీమా డబ్బు కోసం యజమానులే ఇళ్లు తగలబెట్టించిన రోజులు కూడా అవే. అలాంటి చోట ఒక పిల్ల కొత్త బట్టలేసుకుని బడికి వెళ్లాలనుకోవడం పోరాటమా, ఆత్మాభిమానమా? గీత ఎక్కడ గీస్తావో నువ్వే చెప్పు.

ఇక హెర్క్ చేసిన పని. పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్ములు మాత్రమే మోగే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. నాట్యం చేసే పిల్లలు దాని కోసమే కాచుకుని ఉంటారని అతడు గమనించాడు. ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, రికార్డు తిప్పే రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒక దాని మీద ఆ ముక్క అయిపోతుండగా రెండో దాని మీద మళ్లీ అదే ఎత్తుకుని సాగదీశాడు. నీ వ్యాసంలో ఆ ముక్క పదకొండో పంక్తి. అక్క విడిచిన యూనిఫాం తిరగేసి కుట్టించుకున్నావని, బొత్తాలు మగపిల్లల వైపుకు వచ్చేశాయని, ప్రార్థనలో పుస్తకాల సంచి గుండెకు అడ్డం పెట్టుకుని నిలబడ్డావని రాశావు. వెంటనే ‘ఏది ఏమైనా’ అంటూ బ్రాంక్స్‌కు పరుగెత్తావు! సాగదీయాల్సింది దాన్ని కదా.

మా అమ్మ బీడీలు చుట్టేది. నా తొలి పాటలో ‘తునికాకు వాసన’ అని రాస్తే, ఒక పత్రిక సంపాదకుడు అది కొట్టేసి ‘శ్రమ సౌరభం’ అని అచ్చు వేశాడు. అమ్మకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను. అంతా విని ‘ఎవరి గురించి రాశావురా?’ అంది. ముప్పై ఎనిమిదేళ్లయింది. ఆయన పోయారు, నా కోపం పోలేదు. (ఇప్పటి సంపాదకులు ఏదీ కొట్టేయరు. చదివితే కదా!) అప్పటి నుంచి నా పట్టుదల ఒక్కటే, పాటకు ఇంటి నంబరు ఉండాలి. నీ దాంట్లో ‘గర్జన’ ఆరుసార్లు, ‘నిప్పుకణిక’ నాలుగుసార్లు వచ్చాయి. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం 1982లో తెచ్చిన రాప్ పాట ‘ద మెసేజ్’ విను. పగిలిన గాజుపెంకులు, ఎలుకలు, బొద్దింకలు వినిపిస్తాయి.

రాప్ సాహిత్యమేనా అని అడిగావు. అమెరికా రాపర్ కెండ్రిక్ లామార్‌కు 2018లో పులిట్జర్ బహుమతి ఇచ్చారు, అదీ సంగీతానికి. అంతకు మూడేళ్ల ముందే, పోలీసు హింసకు ఎదురు నిలిచిన నల్లజాతి జనం అతని పాటను వీధుల్లో పాడుకున్నారు. నీ ప్రశ్నకు బదులు ఈ రెండింటిలో ఎక్కడ ఉందో నువ్వే చూసుకో.

జతచేసిన రాప్‌లో ‘గల్లీ, ఢిల్లీ, తల్లి’ కలిపావు. ఆ ముగ్గురినీ ఇక ఇళ్లకు పంపించెయ్యి. మన పద్యంలో ప్రాస పాదం రెండో అక్షరంలో కూర్చుంటుంది, చివర్లో కాదు. అక్కడ కూడా ప్రయత్నించి చూడు, నోటికి తెలుస్తుంది.

మిగతా ప్రశ్నలకు ఓపిక లేదు. ఆ యూనిఫాం కుట్టిన దర్జీ ఎవరు? ఎంత తీసుకున్నాడు? బొత్తాలు అటు వచ్చాయని ముందుగా ఎవరు చూశారు, అక్కా, అమ్మా, క్లాసులో పిల్లలా? అది రాసి పంపు.

ఆశీస్సులతో.