తుఫాను మధ్యలో గాలి ఆగిపోతే బయటికి రావచ్చా?

"గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను దాటిపోయినట్టేనా, బయటికెళ్లి చూసుకోవచ్చా?" అని అడిగారు. దయచేసి వెళ్లకండి.

2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు మేం విశాఖ సీతమ్మధారలో ఉండేవాళ్లం. అక్టోబర్ 12, ఆదివారం. పొద్దున్నుంచీ వంటింటి వైపు నుంచి ఒకటే గాలి. కిటికీకి మంచం అడ్డం పెట్టి, హాల్లో గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఆ హోరులో పక్కవాళ్ల మాట కూడా వినపడలేదు. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి పడిపోయింది. వాన తెరిపిచ్చింది. హమ్మయ్య అనుకుని వీధంతా బయటికొచ్చింది. పక్కింటి అన్నయ్య చెట్టు కింద ఇరుక్కున్న బండి తీసుకుందామని గేటు దాటారు. అమ్మ మాత్రం గుమ్మంలోంచే కేకలు పెట్టింది: "లోపలికొచ్చేయండి బాబూ, గాలి తిరగబడతాది!" అమ్మది భీమిలి దగ్గర సముద్రం పక్క ఊరు. ఆ మాట విని ఆయన వెనక్కి వచ్చారు.

అరగంట అయిందో లేదో, ఈసారి బాల్కనీ వైపు నుంచి మొదలైంది. పొద్దుటి గాలికి ఒరిగి నిలిచిన చెట్లు ఇప్పుడు కూలిపోయాయి. ఎదురింటి రేకులు లేచొచ్చి సరిగ్గా ఆ బండి మీదే పడ్డాయి. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అప్పుడు మా మీదుగా వెళ్లింది తుఫాను కన్ను. గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచే గాలి ఆ కన్ను చుట్టూ తిరుగుతుంది, లోపల మాత్రం ప్రశాంతం. కన్ను దాటగానే అవతలి అంచు తగులుతుంది, అందుకే గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. కన్ను మీ ఊరి మీదుగా పోకపోతే ఈ విరామమే ఉండదు.

తీరానికి దగ్గరగా పల్లంలో ఉంటే గాలి కన్నా ఉప్పెనకే ఎక్కువ భయపడాలి. 1977 నవంబర్ 19న దివిసీమలో వేల ప్రాణాలు తీసింది అదే. అలాంటి చోట ఇంట్లో ఉండిపోకండి, అధికారులు చెప్పగానే ముందే షెల్టర్‌కి వెళ్లిపోండి.

ఇంకొకటి, ముందు రోజే మేడ మీద ట్యాంకు నిండా నీళ్లు పట్టండి. ఖాళీ ట్యాంకులు గాలికి ఎగిరిపోవడం కళ్లారా చూశాను. తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు ఆడలేదు. ఆ ట్యాంకు నీళ్లే పక్కింటికీ మాకూ సరిపెట్టుకున్నాం.