బుజ్జీ, ఫోన్ చేసేముందు ఇది చదువు

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది, రెండు నెలల్నుంచి నీకు నిద్ర పట్టట్లేదంట, హాస్టల్లో అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోతున్నావంట, దిష్టేమో అక్కా ఉప్పు మిరపకాయలు తిప్పి పారేస్తా అంటోంది. తియ్యనీలే, అదో ధైర్యం దానికి. నువ్వు మాత్రం ఈ ఆదివారం 14416కి ఒకసారి ఫోన్ చెయ్యి.

టెలీ మానస్ అంటారు దాన్ని, మనసు బాలేనప్పుడు మాట్లాడ్డానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబర్, 2022 అక్టోబర్ 10న మొదలెట్టారు, బెంగళూరులో మానసిక వైద్యం చేసే పెద్దాసుపత్రి నిమ్హాన్స్ వాళ్ళు వెనకుండి నడిపిస్తారు, పైసా ఖర్చు లేదు, అర్ధరాత్రైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంత వివరంగా ఎలా తెలుసంటావేమో, మీ పెదనాన్న పోయాక నేనూ చేశా. మీ అమ్మకి కూడా చెప్పలేదు ఇప్పటిదాకా.

మూడుసార్లు నంబర్ నొక్కి కట్ చేసేశా తెలుసా. ఎర్రగడ్డ అనగానే నవ్వుకునే జనం మనం, నా గురించి కూడా అలాగే అనుకుంటారేమోనని. నాలుగోసారి మాట్లాడా గానీ మొదటి పది నిమిషాలూ మోకాళ్ళ నొప్పుల గురించే చెప్పా! ఆ అమ్మాయి ఓపిగ్గా విని, రాత్రి ఎన్నింటికి మెలకువొస్తోందమ్మా అంది. మూడింటికి అన్నా, అది ఆయనకి ఇన్హేలర్ ఇచ్చే టైం, ఆ మాట నా నోటి నుంచి వచ్చాక గానీ నాకే తెలీలేదు.

అసలు కష్టం ఫోన్ చెయ్యడం కాదు, ఎక్కడ కూర్చుని మాట్లాడాలీ అనేది. నేను పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుంటే పక్కింటావిడ వడియాలు ఎండబెట్టే వంకతో గోడ మీంచి తొంగి చూసింది, ఇక గదిలోకొచ్చి తలుపేసి టీవీ సౌండ్ పెంచి మాట్లాడా. నీకు రూమ్‌లో ముగ్గురు, వాళ్ళున్నప్పుడైతే మేడ మీదకెళ్ళు, మైకున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, ఎవరైనా అడిగితే ఇంటర్వ్యూ అని చెప్పు, ఈ అబద్ధానికి పాపం రాదు. ఎప్పట్నుంచి, ఎలా ఉంటోంది, నిద్రా తిండీ సంగతి, ఈ మూడూ కాగితం మీద రాసుకో, లేకపోతే "ఏం లేదండీ బానే ఉన్నా" అనేస్తావు, మన ఇంటి అలవాటే అది.

ఒక ఫోన్‌కే తీరిపోతుందనుకోకు. మళ్ళీ చేస్తే అదే మనిషి దొరక్కపోవచ్చు, చెప్పిందే చెప్పాల్సొస్తుంది, నాకైతే విసుగొచ్చింది. వారం వారం ఒకరితోనే మాట్లాడాలనుకుంటే డబ్బులిచ్చి వీడియోలో చూపించుకో, కానీ కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్ళనీ నమ్మకు, క్లినికల్ సైకాలజిస్ట్ అంటే ఆర్‌సీఐ, అదే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడుగు, అడిగితే ఏం కోప్పడరు. మందులు రాయాల్సొస్తే సైకియాట్రిస్ట్ లాంటి డాక్టరే రాయాలి, సైకాలజిస్ట్ కాదు, కొన్ని నిద్రమాత్రలు వీడియోలో చూసి రాయకూడదని రూలుంది, రాయలేదని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకు. నీ సంగతి బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది, కాలేజీకి తెలుస్తుందేమోనని ఆగిపోకు.

ఒకవేళ చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆదివారం దాకా ఆగొద్దు తల్లీ, వార్డెన్ని లేపు, నాకు చెయ్యి, 112కి చెయ్యి, ఆ రాత్రి ఒక్కదానివే ఉండొద్దు.

ఆదివారం రూమ్మేట్స్ ఊరెళ్తారన్నావుగా, పొద్దున పదింటికి చెయ్యి. ఏం మాట్లాడావో నాకు చెప్పక్కర్లేదు, "అయింది" అని ఒక్క మెసేజ్ పెట్టు చాలు. గోంగూర పచ్చడి పంపిస్తున్నా, డబ్బా మూత బిగుసుకుంటుంది, వేణ్ణీళ్ళలో ఒక నిమిషం పెట్టి తియ్యి.

మీ పెద్దమ్మ