నీకు మొదటి స్పైడర్‌మ్యాన్ ఎవరు?

బుజ్జీ,

నీ మెసేజ్ రాత్రి చూశాను. మీ కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో 2012 నాటి ‘ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ మీద పది నిమిషాలు మాట్లాడాలి, అక్కడ కామిక్స్ అన్నీ నమిలి మింగినవాళ్లు ఉంటారు, నీకేమో టెన్షన్. మీ నాన్న ‘పెదనాన్నని అడుగు, సినిమా హాల్లోనే బతికాడు’ అన్నాడట. నవ్వొచ్చింది. నేను ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని తల్లీ, విమర్శకుణ్ణి కాదు. కాకపోతే ఒకే సినిమాని రోజుకి నాలుగు ఆటలు చూసినవాణ్ణి. సినిమా ఎక్కడ సాగుతోందో తెర చూడకుండానే తెలిసేది. హాలు తలుపులు కిర్రుమనేవి, జనం బయటికి పోయేవారు.

ముందు ఒకటి తేల్చుకో. నీకు మొదటి స్పైడర్‌మ్యాన్ ఎవరు? నాకు టోబీ మగ్వైర్. 2002లో శామ్ రైమీ తీసినది. నీకు టామ్ హాలండ్. 2017లో ఆ సినిమా వచ్చినప్పుడు నువ్వు ఇంకా బడిలో ఉన్నావు, గోడలెక్కబోయి మోచెయ్యి కొట్టుకుపోయింది, గుర్తుందా? అంటే అందరూ రీబూట్ (అదే కథని కొత్త నటులతో మళ్లీ మొదటి నుంచి తీయడం) అంటున్న ఈ 2012 సినిమా నీకు రీబూట్ కానే కాదు, వెనక్కి వెళ్లి చూసిన పాత సినిమా. అది నీ లోటు అనుకుంటున్నావు. 2012లో హాల్లో కూర్చున్న మాకెవరికీ ఆ అదృష్టం లేదు. ఇందులో స్పైడర్‌మ్యాన్ వేసిన ఆండ్రూ గార్‌ఫీల్డ్ ఏం చేసినా పక్కన టోబీ నిలబడి ఉండేవాడు.

అందుకని మొదటి నిమిషంలోనే చెప్పెయ్: ‘నేను కామిక్స్ చదవలేదు, ముందు చూసింది హాలండ్‌ని, ఆ తర్వాత ఇది.’ ఎక్కడ కూర్చుని చూశావో చెబితే చాలు, నీకు తెలియనివాటి మీద ప్రశ్నలు సగం తగ్గుతాయి.

మళ్లీ మొదటి నుంచి ఎందుకు తీశారని ఎవరైనా అడుగుతారు. రైమీ మూడు సినిమాలు తీశాడు, మూడోది 2007లో. నాలుగోది 2010 జనవరిలో ఆగిపోయింది. హక్కులు చేతిలో ఉండాలంటే సోనీ వాళ్లు సినిమాలు తీస్తూనే ఉండాలి, లేకపోతే అవి కామిక్స్ కంపెనీ మార్వెల్‌కి వెనక్కి పోతాయి. ఆ మాట చెప్పు కానీ దాని మీదే నిలబడిపోకు. డబ్బు కోసం తీసినవన్నీ చెడ్డవే అయితే మా హాల్లో ఆడించడానికి ఏమీ మిగిలేది కాదు.

అసలు చిక్కు రెండు సినిమాల మధ్య ఎడంతో వచ్చింది. సి. పుల్లయ్యగారు 1934లో లవకుశ తీశారు. అదే కథని మళ్లీ రంగుల్లో మొదలుపెడితే, ఆయన కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేయగా 1963లో వచ్చింది. ఇదెందుకు మళ్లీ అని ఎవరూ అనలేదు, ఎందుకంటే మధ్యలో ఓ తరం ప్రేక్షకులే మారిపోయారు. ఇక్కడ పదేళ్లు. టోబీని చూసి ఈల వేసిన కుర్రాళ్లే గార్‌ఫీల్డ్‌కీ టికెట్ కొన్నారు. సాలీడు కుట్టడం, వంటికి బలం రావడం, పెంచిన అంకుల్ బెన్ చావు, అన్నీ తెలుసు వాళ్లకి. మేం వేసింది తెలుగు డబ్బింగ్. మొదటి ముప్పావు గంటలో తలుపులు బాగానే కిర్రుమన్నాయి.

తీసినవాళ్లకీ ఆ భయం ఉన్నట్టుంది. గొప్ప బలంతో పాటు గొప్ప బాధ్యత వస్తుందన్న ఆ పేరుమోసిన మాట ఉందే, ఈ సినిమాలో అంకుల్ బెన్ దాన్ని నేరుగా అనడు, చుట్టూ తిరిగి చెబుతాడు. చెప్పినదే చెప్పాం అంటారేమోనని. పోనీ అలా కొత్తదారి పట్టారా అంటే అదీ పూర్తిగా లేదు. బెన్‌ని చంపినవాణ్ణి పీటర్, అంటే ముసుగు వెనకున్న కుర్రాడు, వెతుకుతాడు, వెతుకుతాడు, ఇంతలో విలన్ బల్లి మనిషి వచ్చేసరికి ఆ వెతుకులాట అలాగే వదిలేశారు. మన ఇర్ఫాన్ ఖాన్ కూడా అంతే. వంతెన మీద కారులో కనిపించాక ఏమయ్యాడో కథ చెప్పదు. తప్పు పట్టాలనుకుంటే ఇలాంటివి పట్టు. వీటికి కామిక్స్ చదివి ఉండనక్కర్లేదు, సినిమా శ్రద్ధగా చూస్తే చాలు.

ఒక గోతిలో మాత్రం పడకు, నేను పడ్డాను. పీటర్ చేతికి సొంతంగా తయారుచేసుకున్న మిషన్ కట్టుకుని దాంట్లోంచి గూడుతీగ వదులుతుంటే ‘ఇదేంటి, ఒంట్లోంచి కదా రావాలి, పాడుచేశారు’ అని క్యాబిన్‌లో మా అసిస్టెంట్‌తో గట్టిగా వాదించాను. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 1962లో కామిక్స్‌లో పుట్టించిన స్పైడర్‌మ్యాన్‌ది ఆ మిషనేనట. ఒంట్లోంచి వచ్చేలా మార్చింది రైమీ సినిమాయే. నేను అసలు అనుకున్నదే మార్పు, నేను మార్పు అనుకున్నదే అసలు! ఆ రోజు టీ డబ్బులు నేనే ఇచ్చుకున్నాను. కాబట్టి ‘అసలు స్పైడర్‌మ్యాన్ ఇలా ఉండడు’ అనే మాట నీ నోట రానివ్వకు. ‘నాకిది నమ్మబుద్ధి కాలేదు’ అను. దాన్ని ఎవరూ కాదనలేరు.

ఇక నచ్చినదాని గురించి. పది నిమిషాల్లో ఆరు దీనికి పెట్టు. నాకైతే పీటర్ ప్రేమించే గ్వెన్. ఎమ్మా స్టోన్ వేసిన ఆ పిల్ల ఎవరో వచ్చి కాపాడాలని కూర్చోదు. ల్యాబ్‌లో పని చేస్తుంది, బల్లి విషానికి విరుగుడు తనే తయారుచేస్తుంది. పైగా పీటర్ తన గుట్టు ఆమెకి తొందరగానే చెప్పేస్తాడు. రైమీ వాటిలోలాగా రెండు సినిమాల పాటు దాచి దాచి ఏడవడం లేదు. దర్శకుడు మార్క్ వెబ్ అంతకుముందు తీసింది ప్రేమకథ. ఆ చెయ్యి ఇక్కడా కనిపిస్తుంది. వాళ్లిద్దరూ కాలేజీ వరండాలో మాట తడబడుతూ నిలబడితే మా హాల్లో తలుపు కదలలేదు. ఆగు, కాలేజీ కాదు, వాళ్లది హైస్కూలు. గార్‌ఫీల్డ్‌కి అప్పటికే పాతికేళ్లు దాటాయి, అందుకే నాకు ఎప్పుడూ కాలేజీలాగే కనిపిస్తుంది.

నా మాట విని వంతెన సీను ఒక్కటి పట్టుకో. బల్లి కార్లని విలియమ్స్‌బర్గ్ వంతెన మీంచి విసిరేస్తుంటాడు. గూడుతీగకి వేలాడుతున్న ఒక కారులో చిన్నపిల్లాడు ఇరుక్కుని ఉంటాడు, కారుకి మంట అంటుకుంటుంది. వాడు భయంతో కదలడు. అప్పుడు పీటర్ ముసుగు తీసి మామూలు కుర్రాడి మొహం చూపిస్తాడు, ఆ ముసుగు పిల్లాడికే ఇచ్చి వేసుకోమంటాడు, అది బలం ఇస్తుందంటాడు. పిల్లాడు వేసుకుని పైకి ఎక్కుతాడు. నేను ఆ సీను ఎన్ని ఆటలు చూశానో లెక్క లేదు. పాత మూడు సినిమాల్లోనూ ముసుగు అంటే మొహం దాచుకునేది. ఇక్కడ అది ఇంకొకరికి ఇవ్వగలిగే వస్తువు అయింది. రీబూట్‌లో కొత్త ఏముంది అని అడిగితే నేను చూపించేది ఇదే. ఆ పిల్లాడి తండ్రి క్రేన్ నడిపేవాడు. చివర్లో దెబ్బ తిన్న స్పైడర్‌మ్యాన్ వెళ్లడానికి తోటి ఆపరేటర్లని పిలిచి వీధి పొడుగునా క్రేన్లు వరసగా తిప్పిస్తాడు. ఆ సీను చూసి అతి అని నవ్వినవాళ్లున్నారు. మీ వాళ్లూ నవ్వుతారేమో. నాకు మాత్రం ఇష్టం. నేనూ ఆపరేటర్‌నే కదా.

నీకు వేరే సీను నచ్చి ఉంటే నాది వదిలెయ్. కానీ ఒక్కటే తీసుకో. నాలుగు సీన్లు ముట్టుకుని పోతే ఎవరికీ ఏదీ గుర్తుండదు.

కలెక్షన్లు ఎవరైనా లేపితే రెండు ముక్కల్లో తేల్చు. దీనికి సుమారు 75 కోట్ల డాలర్లు, 2002 నాటి దానికి 82 కోట్ల పైన. అంతే, ముందుకి పో.

చివర్లో నువ్వు తప్ప ఆ గదిలో ఎవరూ సరిగ్గా చెప్పలేని మాట ఒకటి ఉంది. 2014 సినిమాలో గడియారపు స్తంభం మీంచి పడిపోయిన గ్వెన్‌ని పీటర్ కాపాడలేకపోయాడు. 2021లో ముగ్గురు స్పైడర్‌మ్యాన్లూ కలిసినప్పుడు అదే గార్‌ఫీల్డ్, కింద పడుతున్న ఎమ్‌జేని, అంటే హాలండ్ పీటర్ ప్రేమించే పిల్లని, పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో నిలబడతాడు. ఆ రోజు హాల్లో నా పక్కన కూర్చుని ‘ఈయన ఎందుకు ఏడుస్తున్నాడు పెదనాన్నా?’ అని అడిగావు. ఇంటికెళ్లి 2012ది, 2014ది వరసగా చూశావు. మేమంతా పీటర్ సంతోషం దగ్గర మొదలుపెట్టాం, నువ్వు ఆ ఏడుపు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వచ్చావు. అందుకే గ్వెన్ నవ్వుతున్న సీన్లు నీకు వేరేగా కనిపించి ఉంటాయి. ఎలా కనిపించాయో చెప్పు. నాకూ వినాలని ఉంది.

కాగితం చూసి చదవకు. గడియారం ముందు పెట్టుకుని మీ అమ్మకి ఒకసారి చెప్పి చూడు. ఆవిడకి స్పైడర్‌మ్యాన్ ఎవరో తెలియదు కాబట్టి ఎక్కడ అర్థం కాలేదో అక్కడే ఆపేస్తుంది.

బల్లి మనిషి గురించి లోతుగా అడిగితే మాత్రం నన్ను ఇరికించకు. ఆ సీన్లు వచ్చినప్పుడల్లా నేను టీకి వెళ్లేవాణ్ణి.

మీ పెదనాన్న