శుక్రవారం పాతబస్తీ పెట్టుకోకండి

మీరు రాజమండ్రి నుంచి అమ్మానాన్నలతో వస్తున్నామని, శుక్రవారం చార్మినార్, సాలార్‌జంగ్, శనివారం గోల్కొండ అనుకుంటున్నామని, గచ్చిబౌలిలో రూమ్ తీసుకోవచ్చా అని అడిగారు కదా. ముందు ఆ రెండు రోజులూ అటూ ఇటూ మార్చండి. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లా ప్యాలెస్‌కీ సెలవు. పైగా ఆ మధ్యాహ్నం మక్కా మసీదులో నమాజు ఉంటుంది, చార్మినార్ చుట్టూ అడుగు తీసి అడుగు వేయలేరు.

శుక్రవారం పొద్దున్నే, ఎండ ముదరకముందే గోల్కొండకు వెళ్లండి. పైదాకా దాదాపు 360 మెట్లు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి బలవంతంగా ఎక్కించొద్దు. కింద కోట ప్రవేశ ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపిస్తుంది. ఆవిడ కింద చప్పట్లు కొడితే మీరు పైనుంచి వినొచ్చు! సాయంత్రం బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్. గుడిలోకి ఫోన్లు రానివ్వరు.

గచ్చిబౌలి వద్దు, పాతబస్తీకి చాలా దూరం, ట్రాఫిక్‌లోనే సగం రోజు పోతుంది. లక్డీకాపూల్‌లో రూమ్ తీసుకోండి. శనివారం అక్కడి నుంచి మెట్రోలో నేరుగా ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) చేరొచ్చు, మారక్కర్లేదు. అక్కడి నుంచి ఆటోలో సాలార్‌జంగ్ దగ్గరే. పన్నెండు గంటలకు మ్యూజియంలోని మ్యూజికల్ క్లాక్ (చిన్న బొమ్మ బయటికొచ్చి గంటలు కొట్టే పాత గడియారం) ముందు బాగా జనం చేరతారు, పెద్దవాళ్లకు కూర్చోవడానికి చోటు కావాలంటే కాస్త ముందే వెళ్లండి. చౌమహల్లా, చార్మినార్ ఆ తర్వాతే.

చార్మినార్ పక్కనే ఉన్న లాడ్ బజార్‌లో గాజులకు చెప్పిన ధర మాత్రం ఇవ్వకండి, గట్టిగా బేరమాడండి.