రెండో వారం చున్నీ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. మందుల కంపెనీలో నీ శిక్షణ గురించి రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. శిక్షణకు వెళ్లకముందు మందుల కంపెనీలను దోపిడీదార్లన్నావు. తిరిగొచ్చి రాసిన ఈ వ్యాసంలో కంపెనీ దేవాలయమన్నావు. రెండు మాటలూ నాకు ఎక్కలేదు. బీఫార్మసీ ఆరో సెమిస్టరు అయ్యాక నాలుగు వారాల్లో 150 గంటలు చేసి రమ్మంది ఫార్మసీ కౌన్సిల్. ఆ 150 గంటల్లో నీకు ఏం జరిగిందన్నదే వ్యాసంలో లేదు.

ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ 1961లో పుట్టిన సంగతి, అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ అనే సొంత మందుల కంపెనీ పెట్టిన సంగతి అరపేజీ రాశావు. తీసెయ్యి. ఇంటర్వ్యూకు చదువుకున్న నోట్సులా ఉంది. నీ బస్సు ఆ ఐడీపీఎల్ ఉన్న బాలానగర్ మీదుగా వెళ్లడం తప్ప దానికీ నీ కథకూ చుట్టరికం లేదు.

మాత్ర ఎంతసేపట్లో ఎంత కరుగుతుందో చూసే డిసొల్యూషన్ యంత్రం దగ్గర మాత్రం నిజంగా రాశావు. 37 డిగ్రీల నీళ్లలో ఆరు గాజు పాత్రలు, ఒక్కోదాంట్లో 900 మిల్లీలీటర్ల ద్రావకం, పాత్రకొక మాత్ర, పైన తిరిగే తెడ్లు. మీ అమ్మమ్మ రోజూ వేసుకునే షుగరు మాత్ర అక్కడ కరుగుతుంటే ఊపిరి బిగబట్టి చూశానన్నావు. కంపెనీ మీద నీకు నమ్మకం కుదిరింది ఆ గదిలోనే అనుకుంటాను. దాన్ని రెండు పేరాలకు పెంచు. పక్కన నిలబడ్డ కెమిస్టు ఏమన్నాడు? నమూనా తీసేటప్పుడు గడియారం ఎవరు చూశారు?

నలభై ఏళ్ల కిందట నేనూ జీడిమెట్లలో ఒక కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో చేరాను. తెల్ల ఏప్రాను, క్యాంటీన్ ఉప్మా, నన్ను ‘సార్’ అని పిలిచే అటెండరు. నెల తిరక్కుండానే పెళ్లిళ్లలో బంధువులు మందుల ధరల మాట ఎత్తితే కంపెనీ తరఫున వాదించేవాణ్ణి. ఆ తర్వాత మెడికల్ రిప్రజెంటేటివ్‌గా తిరిగే మిత్రుడి వెంట ఒక పూట డాక్టర్ల గదులకు వెళ్లాను. అతని సంచిలో శాంపిళ్ల కన్నా కానుకలే ఎక్కువ. ఆ రాత్రి నాకు కంపెనీ అంటే రోత పుట్టింది. పొద్దున చూసిన తూకాల బ్యాలెన్సు గదీ అదే కంపెనీది, సాయంత్రం చూసిన సంచీ అదే కంపెనీది. డాక్టర్లకు కానుకలు కూడదని 2024లో కేంద్రం మార్కెటింగ్ నియమావళిలో రాసింది. అంత రాయాల్సి వచ్చిందంటే సంచి బరువు నువ్వే ఊహించుకో. నీ శిక్షణలో ఆ సంచి నీకు చూపించరు. చూడలేదన్న మాటైనా వ్యాసంలో ఉండాలి కదా.

ఇంకో సంగతి మొహమాటం లేకుండా అడుగుతాను. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది వాళ్లు, రేపు ఉద్యోగమిస్తే ఇచ్చేదీ వాళ్లే. ‘దేవాలయం’ అన్న మాటలో ఆ ఆశ ఎంత? సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఇంట్లో ఫీజుల అప్పు ఉన్నప్పుడు ఎవరికైనా ఉండేదే. కానీ అదీ రాయి.

ఇక మూడో పేజీలో, ఏదో దారిన పోతూ అన్నట్టు, ఒక వాక్యం పడేశావు: ‘పాశమైలారం మలుపు తిరగగానే వాసనకు అందరం ముక్కుకు చున్నీలు అడ్డం పెట్టుకునేవాళ్లం, రెండో వారం నుంచి ఎవరూ పెట్టుకోలేదు.’ అమ్మాయీ, నీ వ్యాసమంతా ఇదే. అక్కడికి దగ్గర్లో, మందుల కంపెనీల మురుగునీళ్లు చేరే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ అంకె కావాలంటే వాడుకో, లేకపోతే మానెయ్యి. వాసన తగ్గలేదు, ముక్కులు అలవాటు పడ్డాయి. ఆ అలవాటు ఏ రోజున పడిందో గుర్తు చేసుకో.

ఒక్కో విడత మందు తయారీ వివరాలు రాసే బ్యాచ్ రికార్డులో తప్పు అంకె పడితే వైట్‌నర్ పుయ్యనివ్వరని నీకూ చెప్పే ఉంటారు. ఒకే ఒక గీత, కింది అంకె చదవగలిగేలా. పక్కన సరైన అంకె, సంతకం, తేదీ. ‘దోపిడీదార్లు’ అన్న పాత మాటను నువ్వు చెరిపేశావు. దాన్ని మళ్లీ పైకి తెచ్చి, ఒక్క గీత కొట్టి వదిలెయ్యి.

చున్నీ వాక్యంతో మొదలుపెట్టి తిరగరాసి పంపు. దసరాకి నేను ఊళ్లో ఉండను, ఆలోగా వస్తే మంచిది. అన్నట్టు, నీ ఉత్తరం మీద తేదీ లేదు.

మీ మాస్టారు