ట్రాష్‌లో పడ్డ పేజీ ఇంకా పోలేదు

అల్లుడూ,

గద్వాలలో చీరల దుకాణం వాళ్ల వెబ్‌సైట్ పని ఒప్పుకున్నావని, అది వర్డ్‌ప్రెస్ అనే సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ మీద ఉందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పేజీ తీసేస్తే దాని ఫొటోలు కూడా సర్వర్‌లోంచి పోవాలంటున్నారట. పది లైన్ల కోడే కదా అని రాత్రికి రాత్రి రాసెయ్యకు. నేనట్లా రాసే దెబ్బతిన్నాను.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సైట్ అది. డిలీట్ నొక్కగానే ఫొటోలు పోయేలా, పేజీ ట్రాష్‌లో, అంటే చెత్తబుట్టలో, పడేటప్పుడు పలికే హుక్‌కే (ఆ ఘడియకు మన కోడ్ నడిచేలా తగిలించుకునే కొక్కెం) నా ఫంక్షన్ తగిలించాను. ఓనర్ కొడుకు పొరపాటున ఒక పేజీ తీసేసి, గంటకే వెనక్కి తెచ్చుకున్నాడు. రాత వచ్చింది, ఫొటోలు రాలేదు. ఆదివారం పూట నల్లగొండ నుంచి బస్సెక్కి పోయి, మిల్లులో ఒక్కొక్కరి ఫోన్ అడిగి తీసుకుని ఆ ఫొటోలు వెతికాను. వాళ్లు ఛాయ్ ఇచ్చారు గానీ డబ్బుల మాట ఎత్తలేదు.

వర్డ్‌ప్రెస్‌లో 2009లో వచ్చిన 2.9 వెర్షన్ నుంచి ట్రాష్ ఉంది. మామూలుగా పేజీ అందులో 30 రోజులుంటుంది. ఆ తర్వాత రోజూ దానంతట అదే నడిచే క్రాన్ పని దాన్ని పూర్తిగా తీసేస్తుంది. నువ్వు పట్టుకోవాల్సింది ఆ రెండో ఘట్టాన్ని, అంటే ‘బిఫోర్ డిలీట్ పోస్ట్’ హుక్‌ని. అది పలికేసరికి పేజీ మెటా (పేజీతో పాటు దాచిన అదనపు వివరాలు) ఇంకా డేటాబేస్‌లోనే ఉంటుంది, ఫొటోల ఐడీలు అందులోంచి తీసుకోవచ్చు. పేజీ పోయాక పలికే ‘డిలీటెడ్ పోస్ట్’ హుక్ దాకా ఆగితే మెటా ఉండదు, నీకు ఖాళీ చేతులే. క్రాన్ తీసేసేటప్పుడు ఎవరూ లాగిన్ అయి ఉండరు కాబట్టి, ఎవరు డిలీట్ చేశారన్న దాన్ని నమ్ముకుని ఏ షరతూ పెట్టకు.

ఫంక్షన్ మొదట్లోనే పోస్ట్ టైప్ (పోతున్నది పేజీనా, వేరేదా అన్నది) చూడు. పేజీతో పాటు దాని పాత రివిజన్లు (దాచి ఉంచిన పాత ప్రతులు) కూడా పోతాయి, ఒక్కో రివిజన్‌కీ ఇదే హుక్ మళ్లీ పలుకుతుంది. పేజీ పోతే మెయిల్ వచ్చేలా పెట్టుకుని, నేను ఒక్క పేజీకి ఇరవై మెయిళ్లు పంపించుకున్నదిందుకే. 5.5 వెర్షన్ నుంచి ఈ హుక్ పోస్ట్ వివరాలను కూడా రెండో ఆర్గ్యుమెంట్‌గా (ఫంక్షన్‌కు అందించే విలువ) ఇస్తోంది. నీ ఫంక్షన్ దాన్ని అడుగుతుంటే, తగిలించేటప్పుడే ఆర్గ్యుమెంట్లు రెండని చెప్పాలి. లేకపోతే ఒకటే అంది, ఈనాటి పీహెచ్‌పీలో ఎర్రర్ కొట్టి డిలీట్ మధ్యలో ఆగిపోతుంది.

ఇంకో చిక్కుంది. చీరల వాళ్లకు ఒకే అంచు ఫొటో నాలుగు పేజీల్లో ఉంటుంది. ఒక పేజీ పోయిందని దాన్ని చెరిపేస్తే మిగతా మూడూ బోసిపోతాయి. నన్నడిగితే, ఫొటోలు వెంటనే చెరపకుండా ఒక జాబితాలో వేసి, నెలకోసారి వాళ్లకే చూపించు. సర్వర్‌లో జాగా మరీ ఖరీదేం కాదు. పిల్ల పేజీల బెంగ వద్దు, తల్లి పేజీ పోతే వర్డ్‌ప్రెస్సే వాటిని ఒక మెట్టు పైకి జరుపుతుంది. వాటి అడ్రస్ మారుతుంది కాబట్టి పాత అడ్రస్‌కి వచ్చినవాళ్లను కొత్తదానికి శాశ్వతంగా పంపే 301 మళ్లింపు మాత్రం పెట్టు.

కోడ్ మొదలుపెట్టే ముందు వాళ్ల కాన్ఫిగ్ ఫైల్ ఒకసారి తెరువు. ట్రాష్ రోజులు సున్నా అని ఎవరైనా పెట్టి ఉంటే అసలు ట్రాషే ఉండదు, నొక్కిన క్షణమే పేజీ పోతుంది. అట్లా ఉంటే ముందు నాకు ఫోన్ చెయ్యి.

మీ మామ