టెక్ సందేహాలు: ఒకే కొంగకు యాప్ మూడు పేర్లెందుకు చెబుతోంది?

గండికోట, మైలవరం జలాశయం చూసి వచ్చాం. ఫోన్లో తెల్లకొంగల ఫొటోలే బోలెడు ఉన్నాయి. కొన్ని నేను తీసినవి, కొన్ని మా వదిన వాట్సాప్‌లో పంపినవి. పక్షుల పేర్లు చెప్పే మెర్లిన్ యాప్‌లో పెడితే ఒకే కొంగకు ఒక్కో ఫొటోలో ఒక్కో పేరు వస్తోంది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

ముందు వాట్సాప్ ఫొటోల్ని పక్కన పెట్టండి. మామూలుగా పంపితే ఫొటో సైజు కుదించుకుపోతుంది, తీసిన చోటు వివరాలు కూడా పోతాయి. మీ వదినగారిని అవే ఫొటోలు 'డాక్యుమెంట్'గా పంపమనండి. అప్పుడు అసలు ఫైల్ అలాగే వస్తుంది. గూగుల్ ఫొటోస్‌లో ఫొటో తెరిచి పైకి జరిపితే తేదీ కనిపిస్తుంది. తీసేటప్పుడు కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉండి ఉంటే చోటు కూడా తెలుస్తుంది.

మెర్లిన్ బొమ్మనొక్కదాన్నే చూసి పేరు చెప్పదు. ఆ చోట, ఆ నెలలో ఏ పక్షులు ఉంటాయో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. జనవరిలో జమ్మలమడుగు దగ్గర తీసిన ఫొటోకి ఈ రోజు తేదీ, మీ ఇంటి చోటు ఇస్తే జాబితా మారిపోతుంది. ఫైల్‌లో వివరాలు లేకపోతే చేత్తో నింపండి. తర్వాత వచ్చే చదరంలో పక్షి నిండుగా కనపడేలా జూమ్ చేయండి. స్క్రీన్‌షాట్లు, ఫిల్టర్ వేసినవి వద్దు. పది రెట్లు జూమ్ చేసి తీసినవాటినీ అనుమానించాల్సిందే. లెన్సుకు అందని ఈకల గీతల్ని చాలా ఫోన్లు ఊహించి నింపేస్తాయి, యాప్ వాటినే గుర్తులనుకుంటుంది. లెన్సు అసలు జూమ్ ఎంతో అక్కడే ఆగి, వరసగా ఏడెనిమిది తీయడం మేలు.

కొన్నిసార్లు తప్పు యాప్‌ది కాదు, పేర్లు మారాయి. పాత పుస్తకాల్లో ఇంటర్మీడియట్ ఈగ్రెట్ (ఈగ్రెట్ అంటే తెల్లకొంగే) అని ఉన్న మన కొంగను ఇప్పుడు మీడియం ఈగ్రెట్ అంటున్నారు. రెండూ ఒకటే.

ఇక మీ కళ్లతో చూడాల్సిన గుర్తు. చాలామంది ముక్కు రంగు చూస్తారు, అక్కడే దెబ్బతింటారు. లిటిల్ ఈగ్రెట్ ముక్కు ఏడాదంతా నలుపే. కానీ గూడు కట్టే కాలంలో గ్రేట్, మీడియం ఈగ్రెట్ల పసుపు ముక్కులు కూడా నల్లబడతాయి. లిటిల్ ఈగ్రెట్‌ను పట్టించేది నల్లకాళ్లకున్న పసుపు వేళ్లు. బురదలో నిలబడితే అవీ కనపడవు కాబట్టి, కొంగ కాలెత్తిన ఫొటో ఉందేమో వెతకండి. గ్రేట్, మీడియంలను విడదీయడానికి నోటి గీత చూడాలి. ముక్కు చీలిక కంటి కిందే ఆగితే మీడియం, కన్ను దాటి వెనక్కి పోతే గ్రేట్. ఈ గుర్తు ఏ కాలంలోనూ మారదు, అందుకే నేను దీనికే ఓటేస్తాను. ఎనుముల చుట్టూ తిరిగే పొట్టి ముక్కు, పొట్టి మెడ కొంగ క్యాటిల్ ఈగ్రెట్. గూళ్ల కాలంలో దాని తల, మెడ నారింజ రంగుకు తిరుగుతాయి.

మన ఎండకు తెల్లకొంగ ఫొటోలో వట్టి తెల్ల మరకలా వస్తుంది, నోటి గీత కూడా పోతుంది. ఈసారి తీసేటప్పుడు కొంగ మీద వేలుంచి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి. ఇప్పటికే తీసినవాటిలో ఎడిట్‌కి వెళ్లి 'హైలైట్స్' తగ్గించి చూడండి. పూర్తిగా తెల్లబారిన చోట మాత్రం ఏ యాపూ వివరాన్ని తిరిగి తేలేదు.

లంకమల వైపు పొలంలో తీసిన పిట్టను గూగుల్ లెన్స్ కలివికోడి అంటోంది. నిజమేనా?
– ఒక పాఠకుడు, బద్వేలు

పగలు, దున్నిన చేనులో తీసి ఉంటే దాదాపు కాదనే చెప్పాలి. కలివికోడి రాత్రి తిరిగే పక్షి, ముళ్లపొదల మధ్య ఉంటుంది. ఫొటోలో రొమ్ము చూడండి. కలివికోడికి రెండు గోధుమరంగు పట్టీలు, మధ్యలో తెల్లపట్టీ ఉంటాయి. ఇండియన్ కోర్సర్‌కు పట్టీలు ఉండవు, రొమ్మంతా ఇటుక రంగు, కాళ్లు తెల్లన. కంటి దగ్గర పసుపు తోలు వేలాడుతూ నెత్తిన నల్లటోపీ ఉంటే అది పసుపు తీతువు.

పట్టీలు రెండూ స్పష్టంగా ఉంటే ఆ ఫొటోను గ్రూపుల్లో పెట్టకండి. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి దశాబ్దాలపాటు కనపడకుండా పోయి, 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. చోటు బయటపడితే జనం ఎగబడతారు, ఉన్న కొద్దిపాటి పొదలకూ ముప్పు. అసలు ఫైల్ దాచి అటవీశాఖ వారికి చూపించండి. ప్రకృతి ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్‌లో పెట్టాలనుకుంటే, చోటును దాచే 'జియోప్రైవసీ'ని 'అబ్‌స్క్యూర్డ్'కి మార్చాకే పెట్టండి. అక్కడ ఇతరులు కూడా చూసి పేరు ఖాయం చేస్తారు, లెన్స్‌లో ఆ సౌకర్యం లేదు.

రోళ్లపాడు వెళ్తున్నాం. సిగ్నల్ లేకపోతే మెర్లిన్ పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

పనిచేస్తుంది. ఇంట్లో వైఫై ఉండగానే మన ప్రాంతపు పక్షుల ప్యాక్ దింపుకోండి, ఒకసారి ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పాత ఫొటోతో పరీక్షించండి. అక్కడి గడ్డి మైదానంలో భరతపిట్టల (లార్క్) జాతివి, గోధుమరంగువి చిన్నపిట్టలు ఎన్నో ఉంటాయి. వెనకనుంచి తీసిన ఒక్క ఫొటోతో వాటికి పేరు పెట్టడం కష్టం. ముఖం, రొమ్ము, తోక విప్పినప్పటి అంచులు, మూడూ దొరికేలా తీయండి. దొరక్కపోతే ఆ ఫొటోకి 'భరతపిట్ట జాతి' అని మాత్రమే రాసి ఉంచండి.